కంటికి కనబడని కావలివాడు

ఆహారంలో దాగివుండే ప్రాణాంతక బాక్టీరియాను పసికట్టడానికి, నిర్మూలించడానికి శాస్త్రజ్ఞులు ఒక పాత మిత్రుణ్ణి మళ్లీ పిలిచారు.

అది 2017వ సంవత్సరం జూలై నెల. దక్షిణాఫ్రికాలో సొవెటోలోని క్రిస్ హనీ బరగ్వనాథ్, ప్రిటోరియాలోని స్టీవ్ బీకో ఆసుపత్రులలో నవజాత శిశువులకు చికిత్స చేసే డాక్టర్లను ఒక విషయం కలవరపెట్టింది. ఏ కొద్దిమందిలోనో కనిపించవలసిన ఒక వ్యాధి వారి వార్డులలో పదే పదే తలయెత్తసాగింది. అప్పుడే పుట్టిన పసికందులలో లిస్టీరియా అనే బాక్టీరియా బయటపడుతున్నది. డాక్టర్లు వెంటనే జాతీయ అంటువ్యాధుల సంస్థకు తెలియజేశారు.

ఆ తల్లులు ఏమి తిన్నారు? ఎక్కడ కొన్నారు? సమాధానం దొరకడం తేలిక కాలేదు. లిస్టీరియా వున్న ఆహారం తిన్న తరువాత జబ్బు పైకి రావడానికి ఒక్కొక్కప్పుడు పది వారాలు పడుతుంది. రెండు నెలల కిందట తిన్న రొట్టెముక్కను ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

నెలలు గడిచాయి. 2018 జనవరిలో సొవెటోలోని ఒక శిశు సంరక్షణ కేంద్రం నుంచి కొందరు పిల్లలు జ్వరంతో, వాంతులతో ఆసుపత్రికి వచ్చారు. అధికారులు ఆ కేంద్రానికి వెళ్లి ఫ్రిజ్ తెరిచి చూశారు. అందులో వున్నది పోలనీ. మాంసాన్ని మెత్తగా నూరి, లావుపాటి గొట్టంలా చుట్టి, ఉడికించి అమ్మే చవకైన ఆహారమది. దానిని బిళ్లలుగా కోసి, మళ్లీ వండకుండానే రొట్టెలో పెట్టుకొని తింటారు. ఆ పోలనీ నుంచి బయలుదేరిన అన్వేషణ పోలోక్వానే పట్టణంలోని ఒక కర్మాగారం గడపకు చేరింది. మార్చి 4వ తేదీన ప్రభుత్వం ఆ సంగతి ప్రకటించి సరుకును వెనక్కు రప్పించింది.

అప్పటికే జరుగవలసిన నష్టం జరిగిపోయింది. ఆ ఏడాది మధ్యనాటికి లెక్క తేలిన రోగులు 1,060 మంది. మృతులు 216 మంది. రోగులలో ప్రతి పదిమందికి నలుగురు నెల నిండని పసివారు. లిస్టీరియా వల్ల ప్రపంచంలో అంతవరకు నమోదైన ఉపద్రవాలలో అదే అతి పెద్దది.

ఆ పోలనీకి దుర్వాసన లేదు, రంగు మారలేదు, రుచి చెడలేదు. పైగా దానిని భద్రంగా ఫ్రిజ్‌లోనే వుంచారు. లిస్టీరియా తీరే అంత. ఇతర క్రిములు చలికి ముడుచుకొని పడివుంటే, అది ఆ చలిలోనే నింపాదిగా పెరుగుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన అంచనా ప్రకారం కలుషితాహారం వల్ల ఏటా 60 కోట్లమంది జబ్బుపడుతున్నారు. 4 లక్షల 20 వేలమంది మరణిస్తున్నారు. ఆ మృతులలో దాదాపు మూడోవంతు అయిదేళ్లలోపు పిల్లలు. మన దేశం చేరివున్న ఆగ్నేయాసియా ప్రాంతంలోనే ఏటా లక్షా 75 వేలమంది ప్రాణాలు కోల్పోతున్నారు.

ఆహార పరిశోధకులను వేధిస్తున్న ప్రశ్నలు రెండు. ఆహారాన్ని మళ్లీ వండకుండా, దాని రుచి చెడకుండా, అందులోని దుష్ట క్రిమిని మాత్రమే చంపడం ఎలా? ఆ క్రిమి వున్నదో లేదో సరుకు దుకాణానికి చేరకముందే తెలుసుకోవడం ఎలా? ఈ రెండు ప్రశ్నలకూ ప్రకృతి ఒకే ప్రాణిని సమాధానంగా చూపుతున్నది. ఆ ప్రాణి ఒక వైరస్.

ఆగ్రా నుంచి పారిస్ దాకా

ఆ వైరస్ కథ మన దేశపు నదీతీరంలోనే మొదలైనదని చెప్పవచ్చు. 1896లో ఆగ్రాలో ప్రభుత్వ రసాయన పరీక్షకుడిగా వుండిన ఎర్నెస్ట్ హాంకిన్ ఒక చిత్రమైన విషయం గమనించాడు. గంగాయమునల నీటిలో కలరా క్రిములను వేస్తే అవి మూడు గంటలలోపే చచ్చిపోతున్నాయి. ఆ నీటిని మరిగించి చల్లార్చి వేస్తే మాత్రం హాయిగా బ్రతుకుతున్నాయి. ఆ నీటిలో ఆవిరైపోయే రసాయనమేదో వున్నదని హాంకిన్ భావించాడు. ఆయన చూచినది బాక్టీరియాను చంపే వైరస్‌ల పనే అయివుంటుందని తరువాతి శాస్త్రజ్ఞులు చాలామంది తలచారు. అంతమాత్రాన ఆ నది నీరు తాగడానికి పనికివస్తుందని కాదు. ఒక క్రిమిని చంపే నీటిలో వేరొక క్రిమి నిక్షేపంగా వుండవచ్చు.

1915లో లండన్‌లో ఫ్రెడరిక్ ట్వార్ట్, 1917లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫెలిక్స్ డెరెల్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండానే ఈ ప్రాణిని కనుగొన్నారు. డెరెల్ రక్తవిరేచనాల రోగులను పరిశీలిస్తున్నాడు. ఒక రోగి మలాన్ని నీటిలో కలిపి, బాక్టీరియా దూరలేనంత సన్నని పింగాణీ వడపోత గుండా దింపి, ఆ తేటను వ్యాధి క్రిములు పెరుగుతున్న నాళికలో కలిపాడు. మరునాటి ఉదయానికి మబ్బుపట్టినట్లు వుండవలసిన ద్రవం తేటనీరులా మెరుస్తున్నది. అందులోని క్రిములన్నీ కరిగిపోయాయి. వెంటనే ఆసుపత్రికి వెళ్లి చూడగా ఆ రోగికి కూడా రాత్రికి రాత్రే నెమ్మదించిందని డెరెల్ తరువాతి కాలంలో రాసుకున్నాడు. ఆ అదృశ్య ప్రాణికి ఆయన బాక్టీరియోఫేజ్ అని పేరు పెట్టాడు. బాక్టీరియాను భక్షించేది అని దాని అర్థం. వాడుకలో అది ఫేజ్‌గా మిగిలింది.

1927లో డెరెల్ మన దేశానికి వచ్చి పంజాబు గ్రామాలలో కలరా రోగులకు ఫేజ్ ఇచ్చాడు. ఊరి బావులలో కూడా కలిపించి చూశాడు. ఈలోగా ఆయన మిత్రుడు జార్జి ఎలియావా 1923లో జార్జియా దేశపు టిబిలిసి నగరంలో ఒక పరిశోధనా సంస్థను నెలకొల్పాడు. 1937లో స్టాలిన్ పాలనలో ఎలియావా మరణశిక్షకు గురైనా, ఆయన సంస్థ మాత్రం నిలిచింది. 1963–64లో ఆ నగరంలోని 30,769 మంది పిల్లలపై రక్తవిరేచనాల నివారణకు ఒక పెద్ద ప్రయోగం జరిగింది. వీధికి ఒక వైపు వారికి ఫేజ్ బిళ్లలు, మరొక వైపు వారికి మందులేని బిళ్లలు ఇచ్చారు. ఫేజ్ తీసుకున్న పిల్లలలో వ్యాధి దాదాపు నాలుగోవంతుకు తగ్గినట్లు తేలింది.

పాశ్చాత్య దేశాలు అప్పటికే ఫేజ్‌ను మరచిపోయాయి. పెనిసిలిన్ వచ్చింది. ఒకే మందు పదిరకాల క్రిములను చంపుతూ వుంటే, ఒక్కొక్క క్రిమికి ఒక్కొక్క ఫేజ్‌ను వెతుక్కునే శ్రమ ఎవరికి కావాలి?

ఒకే తాళానికి ఒకే చెవి

మిల్లీమీటరు పొడవున ఒకదాని వెనుక ఒకటి నిలబెడితే ఐదువేల ఫేజ్‌లు పడతాయి. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో బాగా పేరుపొందిన ఒక రకం ఫేజ్ చంద్రుడిమీద దిగే వాహనంలా కనిపిస్తుంది. పైన పలకలు తీరిన తల, దాని కింద గొట్టంలాంటి తోక, తోక చివర సాలెపురుగు కాళ్లవంటి పోగులు. తలలో వున్నది జన్యుపదార్థం. మరేమీ లేదు. అది తినదు, శ్వాసించదు, తనంతట తాను కదలదు.

నీటిలో కొట్టుకుపోతూ అది వేలాది కణాలకు తగులుతుంది. తోక పోగులకు సరిపడే గుర్తు ఏ కణం మీద వున్నదో దానికే అతుక్కుంటుంది. తాళపుచెవి తన తాళంలోనే తిరిగినట్లు, లిస్టీరియా ఫేజ్ లిస్టీరియాను మాత్రమే పట్టుకుంటుంది. పక్కనే వున్న పెరుగు క్రిమిని గాని, మన పేగులోని మేలుచేసే క్రిమిని గాని తాకదు. మనిషి కణాలకు అది సోకదు.

అతుక్కున్న ఫేజ్ తన జన్యుపదార్థాన్ని సూదిమందులా లోపలికి ఎక్కిస్తుంది. ఆ క్షణం నుంచి బాక్టీరియా తన పని మాని ఫేజ్‌లను తయారుచేసే కార్ఖానాగా మారుతుంది. కొన్ని రకాలలో అరగంట తిరగకముందే వంద, అంతకుమించి పిల్ల ఫేజ్‌లు కణపుగోడను కరిగించి, పగులగొట్టుకొని బయటపడతాయి. ఒక్కొక్కటీ మరొక బాక్టీరియా కోసం బయలుదేరుతుంది. వేటకు క్రిములు లేనప్పుడు ఫేజ్ పెరగడం కూడా ఆగిపోతుంది. వాడేకొద్దీ పెరిగే మందు, అవసరం తీరగానే తగ్గిపోయే మందు మరొకటి లేదు.

తిరిగివచ్చిన మిత్రుడు

1990 దశకంలో అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో గ్లెన్ మారిస్ అనే డాక్టరు రోగి ఒకరు మరణించాడు. ఏ యాంటిబయాటిక్‌కూ లొంగని బాక్టీరియా ఆ రోగిని బలిగొన్నది. ఆ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న అలెగ్జాండర్ సులక్వెలిడ్జె ఆ సంగతి విని, ఫేజ్ ఎందుకు ఇవ్వలేదని అడిగాడు. ఆయన టిబిలిసి నుంచి వచ్చినవాడు. ఆయన దేశంలో అది సామాన్యమైన చికిత్స. అమెరికాలో దాని ఊసు ఎత్తేవారే లేరు.

ఆ సంభాషణ ఫలితంగా 1998లో ఇంట్రాలిటిక్స్ అనే సంస్థ పుట్టింది. రోగులకు ఇచ్చే మందుకు అనుమతి పొందడం చాలా ఏళ్ల పని. ఆహారంలో వుండగానే క్రిమిని చంపితే రోగమే రాదు కదా అని వారు ఆలోచించారు. లిస్టీరియాను చంపే ఆరు ఫేజ్‌ల మిశ్రమాన్ని తయారుచేసి, 2002లో ప్రభుత్వానికి దరఖాస్తు పెట్టుకున్నారు. నాలుగేళ్ల పరిశీలన అనంతరం 2006 ఆగస్టులో అమెరికా ఆహార ఔషధ సంస్థ దానిని ఆమోదించింది. మళ్లీ వండకుండా తినే మాంసం మీద, పొట్లం కట్టబోయేముందు, దానిని సన్నగా చల్లుతారు. ఒక వైరస్‌ను ఆహారంలో కలపడానికి ఆ సంస్థ అనుమతి ఇవ్వడం అదే మొదటిసారి. కొద్ది నెలలకే నెదర్లాండ్స్‌లో తయారైన మరొక లిస్టీరియా ఫేజ్‌కు జున్నులో వాడడానికి అక్కడే ఆమోదం లభించింది. తరువాతి సంవత్సరాలలో ఇ. కోలై, సాల్మొనెల్లాలను చంపే ఫేజ్‌లు కూడా బయటికి వచ్చాయి.

వైరస్‌ను చల్లిన మాంసమా అని మొదట చాలామంది ముఖం చిట్లించుకున్నారు. నిజానికి ఫేజ్‌ను తినని మనిషి లేడు. బాక్టీరియా వున్నచోటల్లా ఫేజ్ వుంటుంది. తోటలోని మట్టిలో, చెరువు నీటిలో, పెరుగులో, ఆకుకూరలో, మన పేగులలో కోట్లాదిగా వుంటుంది.

చీకటిలో వెలిగే సాక్షి

ఫేజ్‌కు తన క్రిమిని మాత్రమే గుర్తించే గుణం వున్నప్పుడు, దానిని వేటగాడిగానే గాక సాక్షిగా కూడా వాడుకోవచ్చు. ఈ ఆలోచన పాతదే. 1938లో కెనడాలో జేమ్స్ క్రెయిగీ, యెన్ అనే శాస్త్రజ్ఞులు టైఫాయిడ్ క్రిములలోని ఉపజాతులను ఫేజ్‌ల సహాయంతో వేరుచేశారు. పలుచని పళ్లెంలో క్రిములను పరచి, వాటి మీద రకరకాల ఫేజ్‌ల చుక్కలు వేస్తారు. ఏ చుక్క పడినచోట క్రిములు చచ్చి తేటమచ్చ ఏర్పడిందో చూస్తారు. ఆ మచ్చల వరుసే ఆ క్రిమికి వేలిముద్ర. ఇదే ఫేజ్ టైపింగ్.

ఈ వేలిముద్ర ఒక దేశపు కోడిగుడ్ల వ్యాపారాన్నే కుదిపివేసింది. 1980 దశకంలో బ్రిటన్‌లో సాల్మొనెల్లా జబ్బులు విపరీతంగా పెరిగాయి. రోగుల నుంచి తీసిన క్రిములలోను, కోళ్లలోను, గుడ్లలోను పదే పదే కనిపించినది నాలుగవ ఫేజ్ రకమే. 1988 డిసెంబరులో దేశంలోని గుడ్ల ఉత్పత్తిలో అధిక భాగానికి సాల్మొనెల్లా సోకిందని సహాయమంత్రి ఎడ్వినా కరీ ప్రకటించారు. గుడ్ల అమ్మకాలు కుప్పకూలాయి. రెండు వారాలకే ఆమె పదవి వదులుకోవలసి వచ్చింది. ఆమె మాటలలో అతిశయం వున్నా, ఆపద మాత్రం కల్పితం కాదు. తరువాత కోళ్లకు టీకాలు వేయడంతో ఆ జబ్బు తగ్గుముఖం పట్టింది.

మన దేశంలో ఢిల్లీలోని లేడీ హార్డింగ్ వైద్య కళాశాలలో సాల్మొనెల్లాకు, కలకత్తాలోని జాతీయ సంస్థలో కలరా క్రిమికి ఇటువంటి ఫేజ్ పరీక్షా కేంద్రాలు ఏర్పడ్డాయి. కలరా క్రిమిలోని పాత రకాన్ని, ఎల్ టార్ అనే కొత్త రకాన్ని వేరుచేయడానికి కలకత్తా పరిశోధకుడు ఎస్. ముఖర్జీ ఎంచిన నాలుగవ వర్గపు ఫేజ్ అనేక దేశాలలో వాడుకలోకి వచ్చింది. నేడు ఈ పనిని చాలావరకు క్రిమి జన్యువులను పూర్తిగా చదివే యంత్రాలు చేస్తున్నాయి. దక్షిణాఫ్రికా ఉపద్రవంలో నేరస్థుణ్ణి నిర్ధారించినది ఆ పద్ధతే.

కాని ఈ పద్ధతులలో ముందు క్రిమిని వేరుచేసి పెంచాలి. లిస్టీరియా విషయంలో మామూలు పరీక్షకు నాలుగు రోజులో అంతకన్న ఎక్కువో పడుతుంది. ఈలోగా సరుకు లారీ ఎక్కుతుంది, దుకాణం చేరుతుంది, పిల్లవాడి పళ్లెంలోకి వస్తుంది. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్లుంటుంది వ్యవహారం.

1987లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు ఉలిట్జుర్, కూన్ దీనికి ఒక ఉపాయం చెప్పారు. సముద్రంలోని కొన్ని బాక్టీరియాలు మిణుగురు పురుగుల్లా వెలుగుతాయి. ఆ వెలుగునిచ్చే జన్యువును ఫేజ్ తలలో అమర్చితే? వెలుగు ఫేజ్‌కు రాదు. ఫేజ్‌కు జీవక్రియలు లేవు గదా. అది తన క్రిమిని పట్టి జన్యువును లోపలికి ఎక్కించినప్పుడు ఆ క్రిమే వెలుగుతుంది. 1996లో మార్టిన్ లోస్నర్, ఆయన సహచరులు లిస్టీరియా ఫేజ్‌ను ఇలా తీర్చిదిద్దారు. ఆహారపు నమూనాను కొన్ని గంటలు పోషకద్రవంలో వుంచి, ఈ ఫేజ్‌ను కలిపి, వెలుగును కొలిచే యంత్రంలో పెడతారు. నాలుగు రోజుల పని ఒక్క రోజులో తేలుతుంది.

ఇందులో మరొక సుగుణం వుంది. జన్యుపదార్థాన్ని వెతికే కొన్ని పరీక్షలు చచ్చిన క్రిమిని చూచి కూడా వున్నదని చెబుతాయి. చచ్చిన క్రిమి వెలగదు. ఫేజ్ చూపేది ప్రాణంతో వున్న శత్రువునే.

మిత్రుడికీ హద్దులున్నాయి

ఫేజ్‌లన్నీ మంచివని అనుకోవడం పొరపాటు. కొన్ని ఫేజ్‌లు బాక్టీరియాను చంపక, దాని జన్యువులలోనే కాపురం పెడతాయి. వెళుతూ వెళుతూ విషపు జన్యువులను కూడా తెచ్చిపెడతాయి. కలరా క్రిమికి ఆ ప్రాణాంతకమైన విషాన్ని ఇచ్చినది ఒక ఫేజేనని 1996లో వాల్డార్, మెకలానోస్ నిరూపించారు. ఇ. కోలై ఓ157 అనే భయంకర క్రిమి విషం కూడా ఫేజ్ తెచ్చినదే. అందుచేత ఆహారంలో వాడే ప్రతి ఫేజ్ జన్యువులను ఆసాంతం చదివి, అది కచ్చితంగా చంపేదే తప్ప కాపురం పెట్టేది కాదని, విషపు జన్యువేదీ మోయడం లేదని తేల్చుకోవాలి.

రెండవ చిక్కు బాక్టీరియా తెలివి. తాళం మార్చుకున్న కణం ఫేజ్‌కు చిక్కదు. ఈ సంగతి జున్ను తయారీదారులకు బాగా తెలుసు. 1935లో న్యూజీలాండ్‌లో వైట్‌హెడ్, కాక్స్ అనే పరిశోధకులు పాలు తోడుకోకపోవడానికి తోడు క్రిములను ఫేజ్ తినివేయడమే కారణమని కనిపెట్టారు. అక్కడ ఫేజే శత్రువు. అప్పటినుంచి జున్ను కర్మాగారాలు ఫేజ్‌ను తప్పించుకోవడానికి తోడును మార్చి మార్చి వాడుతున్నాయి. ఇక్కడ అదే పాఠాన్ని తిరగవేసి, ఒక ఫేజ్‌కు బదులు అనేక ఫేజ్‌ల మిశ్రమం వాడుతున్నారు. ఒక తాళం మారినా మరొక చెవి పనిచేస్తుంది.

మూడవది, ఫేజ్ నడవలేదు. ద్రవంలో తేలుతూ శత్రువును తాకవలసిందే. ఎండిన పదార్థపు మడతలో దాగిన క్రిమి దానికి అందకపోవచ్చు. క్రిములు ముందే విడిచిన విషాన్ని అది తీసివేయలేదు. ఒక ఫేజ్ లిస్టీరియాను చంపితే పక్కనున్న సాల్మొనెల్లా అలాగే వుంటుంది.

కనుకనే ఈ రంగంలో పనిచేసేవారు ఫేజ్‌ను చివరి కాపలాగానే భావిస్తారు. కడిగిన చేయి, శుభ్రమైన బల్ల, బాగా ఉడికిన ఆహారం, పచ్చిమాంసానికి వేరు కత్తి — ఇవి ముందు. పోలోక్వానే కర్మాగారంలో ఆహారం తగిలే చోట్లలోనే లిస్టీరియా దొరికింది. నేలను, యంత్రాలను శుభ్రంగా వుంచని చోట ఎన్ని ఫేజ్‌లు చల్లినా ఆ పాపం తీరదు.

అయినా శుభ్రత ఎక్కడో ఒకచోట లోపిస్తూనే వుంటుంది. మనుషులు అలసిపోతారు, యంత్రాలు మూలల్లో మురికిని దాస్తాయి. ఆ లోపానికి, గర్భిణీస్త్రీ పళ్లేనికి మధ్య మరొక కావలి వుండడం మంచిది. సొవెటోలో డాక్టర్లు మొదట కలవరపడిన జూలైకి, దుకాణాల నుంచి సరుకు తొలగిన మార్చికి మధ్య ఎనిమిది నెలలు గడిచాయి. కర్మాగారంలోనే, పొట్లం కట్టకముందే, ఒక నాళికలో సన్నని వెలుగు కనిపిస్తే ఆ సరుకు గడప దాటదు. ఆగ్రాలో హాంకిన్ చూచి అర్థంచేసుకోలేకపోయిన ఆ అదృశ్య ప్రాణి నుంచి నేడు శాస్త్రజ్ఞులు కోరుతున్న సేవ ఇదే.